మర్యాద తెలిసిన రాక్షసుడు

ఆ రోజుల్లో న్యాయం అనేది నాకు చాలా తేలికైన విషయం. ఎమ్మెస్ పూర్తయి, అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఉద్యోగం దొరికి, అపార్ట్‌మెంట్‌లో నాకంటూ ఒక గది, ఆ గదికి ఒక తాళంచెవి, లోకంలో ఉన్న ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఏర్పడ్డ వయసు అది. దుకాణంలో ఎవరైనా లైన్ తప్పి ముందుకు దూరితే వాళ్ళ వెనకే నిలబడి, వాళ్ళకి వినపడేలా నిట్టూర్చేదాన్ని. వాషింగ్ మెషీన్‌లోంచి ఒకళ్ళ బట్టలు తీసి పక్కన పడేసి ఇంకొకళ్ళు తమవి వేసుకున్నారని గొడవ వస్తే తీర్పు చెప్పడానికి నన్ను పిలిచేవారు. (పిలవకపోయినా వెళ్ళేదాన్ని.) మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "నీ చేత లా చదివించాల్సిందే, ఇంజినీరింగ్‌లో వేసి పొరపాటు చేశాం" అని వాపోయేది. ఎదుటివాళ్ళు మనకేమీ కానంతకాలం న్యాయంగా ఉండటం పెద్ద కష్టం కాదని అప్పటికి నాకు తెలీదు. తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం, మా డైనింగ్ టేబుల్ దగ్గర, నేను రాక్షసుడిగా ఉన్న సమయంలో.

రాక్షసుడు అంటే మొహానికి రంగు పూసుకుని కోరలు పెట్టుకున్నానని కాదు. ఆదివారాలు మేము ఒక ఆట ఆడేవాళ్ళం. దానికి బోర్డూ ఉండదు, పేకముక్కలూ ఉండవు, కథ ఉంటుంది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుని ఆ కథలో తిరుగుతారు. దారిలో ఎదురయ్యే దొంగలు, తోడేళ్ళు, రాక్షసులు, పూటకూళ్ళమ్మ, అన్నీ ఆ కథ చెప్పే మనిషే. యుద్ధం వస్తే ఎవరి దెబ్బ తగిలిందో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంటుంది. డాలూ, కవచం లెక్కగట్టి ప్రతివాడికీ ఒక రక్షణ అంకె ఉంటుంది, పాచిక మీద దాన్ని దాటిన అంకె పడితే దెబ్బ తగిలినట్టు, చిన్నది పడితే కత్తి గాలిలో తిప్పినట్టు. యూనివర్సిటీలో ఉండగా మా ల్యాబ్‌లో ఒక అమెరికన్ పిల్ల నాకు నేర్పింది, నేను మావాళ్ళకి నేర్పాను. నేర్పినదాన్ని కాబట్టి కథ చెప్పే కుర్చీ నాదే. ఆ టేబుల్ మీద సృష్టి, స్థితి, లయ మూడూ నేనే చూసుకునేదాన్ని. (ఆఫీసులో నా మాట ప్రింటర్ కూడా వినేది కాదు.)

ఆడేవాళ్ళు ముగ్గురు. మొదటిది నా రూమ్మేట్. దాన్ని అందరూ ఊరి పేరుతో రాజమండ్రి అనే పిలిచేవారు. ఆటలో దాని వీరురాలు విల్లు పట్టుకుని ఎప్పుడూ అందరికంటే వెనక, ఏదో ఒక గోడకి ఆనుకుని ఉండేది. "ముందుకెళ్ళి దెబ్బలు తినడానికి నాకేం తొందర లేదే" అనేది. రెండోవాడు వరంగల్ అన్న. పగలంతా క్లౌడ్‌లో ఏదో చేస్తాడు, ఆదివారం గొడ్డలి పట్టుకుంటాడు. మూడో మనిషి ఆ అబ్బాయి. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగిన తెలుగు పిల్లాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మనుషులూ, పశువులూ, కుర్చీలూ అందరికీ ఒకటే క్రియ. అన్న ఆఫీసులో పరిచయమై ఆటకొచ్చాడు. మొదట్లో ఆట కోసం వచ్చేవాడు, తర్వాత ఆట అయిపోయాక కూడా గిన్నెలు కడిగే మిష మీద ఉండిపోయేవాడు. ఏడాది తిరిగేసరికి మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని అనుకున్నాం. అనుకోవడం వరకు మా చేతిలో పని కాబట్టి అది సులువుగానే అయింది.

పెళ్ళి సంగతికి వచ్చేముందు ఆటలో ఉన్న ఒక రూలు సంగతి చెప్పాలి. దాన్ని మేము గురిదెబ్బ అనేవాళ్ళం. మామూలుగా అయితే "కొడుతున్నాను" అని పాచిక వేస్తాం, తగిలితే ఎదుటివాడి బలం కాస్త తగ్గుతుంది, అంతే. గురిదెబ్బలో అలా కాదు, ఒంటి మీద ఎక్కడ కొడుతున్నామో చెప్పి మరీ కొట్టాలి. అలా చెప్పినందుకు పాచిక మీద పడ్డ అంకెలో కొంత కోత పడుతుంది, అంటే తగలడం కష్టం. తగిలిందా, ఇక పండగే. చేతికి తగిలితే వాడి చేతిలో ఉన్నది కింద పడుతుంది, మోకాలికి తగిలితే కుంటుతాడు, కంట్లో తగిలితే కాసేపు చూపు పోయి గోడలకి గుద్దుకుంటాడు. ఈ రూలు వరంగల్ అన్న దృష్టిలో పడ్డ దగ్గర్నుంచి నా రాక్షసజాతికి గడ్డురోజులు వచ్చాయి. తోడేలు ఎదురైందా, "కంట్లో పొడుస్తున్న చెల్లె." దొంగ ఎదురయ్యాడా, "కంట్లనే." ఒకసారి కోట తలుపు తియ్యడానికి తాళాలు వెతుక్కుంటున్న ముసలి కాపలావాడిని కూడా కంట్లోనే పొడిచాడు. అన్న అదృష్టమేమో, పాచిక కూడా అతని మాటే వినేది. కొన్నాళ్ళకి నా లోకంలో రెండు కళ్ళూ సరిగ్గా ఉన్న ప్రాణి కరువైపోయింది.

నాలో ఉన్న జడ్జిగారు లేచి కూర్చున్నారు. ఒక ఆదివారం ఆట మొదలుపెట్టేముందు నిలబడి మరీ ప్రకటించాను. ఏ రూలు వీరులకి ఉందో ఆ రూలే రాక్షసులకీ ఉంటుంది. ఎక్కడ కొడుతున్నారో పాచిక వెయ్యకముందే నోరు తెరిచి చెప్పాలి, పడ్డ అంకె చూసుకుని చెయ్యి కాదు కాలు అనకూడదు. నా రాక్షసులు తెలివైనవాళ్ళయితే తెలివిగా, మందమతులయితే మందంగా కొడతారు గానీ నాకు ఎవరి మీద కోపముందో వాళ్ళని ఏరుకుని కొట్టరు. అన్న "సరే తియ్, జూస్తం గద" అని నవ్వాడు. ఆ రోజే ఒక మరుగుజ్జు దొంగ, అన్న నడుం దాకా కూడా రానివాడు, బల్లెక్కి నిలబడి మరీ అన్న వీరుడి కంట్లో పొడిచాడు. "గిదేం అన్యాయం చెల్లె, నేను హీరోని గద" అన్నాడు అన్న, నిజంగానే కన్ను మూసుకుని. "వాడింట్లో వాడూ హీరోనే అన్నా" అన్నాను. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే ఆ వారమంతా ఆఫీసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఎక్కడైనా వాడదామని చూశాను. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఆ అబ్బాయి "నువ్వు ఎవ్వరినీ వదలదు. నాకు అది చాలా ఇష్టం" అన్నాడు. (వదలవు అనాలి. ఆ సమయంలో దిద్దబుద్ధి కాలేదు.)

ఇక పెళ్ళి సంగతి. వాళ్ళ అమ్మగారు నాతో వీడియో కాల్ మాట్లాడి, నా చేత గోంగూర పచ్చడి ఎలా చేస్తారో చెప్పించుకుని, సరేనన్నారు. చిక్కంతా వాళ్ళ నాన్నగారితో వచ్చింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. గుడి కమిటీ మీటింగైనా, పార్కులో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అయినా, ఆయన "ఇలా చేద్దాం" అంటే మిగతావాళ్ళు "అలాగే సర్" అనడం ఆనవాయితీ. కోప్పడేవారు కాదు, గొంతు పెంచేవారు కాదు, అయినా ఎందుకో ఎవరికీ ఎదురుచెప్పాలనిపించేది కాదు. ఇంట్లోనూ అంతే. ఆయన కాదంటే ఆ ఇంట్లో ఇంకెవరూ ఔననరు, కాబట్టి మా పెళ్ళి ఆయన ఒక్క మాట మీద ఆగి ఉంది. ఆ పెద్దాయన కొడుకుతో "సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, వంట వచ్చా అని అడగడం నాకు చేతకాదురా. మీరు ఆదివారం ఏదో ఆడతారటగా. నేనూ వచ్చి ఆడతాను" అన్నారట. అంటే నా పెళ్ళిచూపులు ఒక గుహలో, కాగడాల వెలుగులో, మారణాయుధాల మధ్య జరగబోతున్నాయన్నమాట.

ఈ వార్త మా అమ్మకి చెబితే ఆవిడకి ఆట అర్థం కాలేదు గానీ ప్రమాదం మాత్రం అర్థమైంది. "ఆయన ముందు గట్టిగా మాట్లాడకు. ఏది అడిగినా సరేనండీ అను. నీ తీర్పులూ, నీ లా పాయింట్లూ ఆ ఒక్కపూట కట్టిపెట్టు" అంది. "అమ్మా, అక్కడ నేను రాక్షసుల తరఫున యుద్ధం చెయ్యాలి, ఆయన వీరుడు" అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి "అయితే ఆ రాక్షసులకి కూడా చెప్పు, కాస్త మర్యాదగా ఉండమని" అంది. అప్పుడు పగలబడి నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట చెవుల్లోంచి పోలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే లేచి బాల్కనీ అంతా కడిగాను. (వసంతకాలంలో మా వైపు పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీదా, కుర్చీల మీదా పసుపు చల్లినట్టు పేరుకుపోతుంది. అది శుభసూచకమని రాజమండ్రి, తుమ్ములొస్తాయని నేను.) రాజమండ్రి పులిహోర కలిపింది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను చీర కట్టుకుందామా అని చాలాసేపు ఆలోచించి, చీరలో పాచికలు వేస్తే మరీ మహాభారతంలా ఉంటుందని కుర్తీ వేసుకున్నాను. అనుకున్న టైముకి పెద్దాయన వచ్చారు. టక్ చేసిన చొక్కా, కళ్ళజోడు, చేతిలో అరటిపళ్ళ అత్తం. "నమస్తే అంకుల్" అంటే "బావున్నావామ్మా" అని, ఇల్లంతా ఒకసారి చూసి, టేబుల్ తలదగ్గర ఉన్న కుర్చీలో కూర్చున్నారు. అది నా కుర్చీ. నేను ప్లాస్టిక్ స్టూల్ తెచ్చుకున్నాను. వెనకాలే వచ్చిన అబ్బాయి నా చెవిలో "నాన్న వారం నుంచి రూల్స్ చదువుతుంది" అన్నాడు. ఆయన ఒక కత్తివీరుడిని ఎంచుకున్నారు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో డాలు. వీరుడికి పేరేం పెడదామంటే "పేరెందుకు, అందరూ పిలిచేదే పిలవండి" అన్నారు. అలా పెద్దాయనే గుహలోకి కూడా వచ్చారు.

గుహలో కొండంత రాక్షసుడు ఒకడున్నాడు, వాడి చేతిలో గద, రెండో చేతిలో డాలు. నేను నెల రోజులుగా వాడిని పెంచి పోషించాను. మహా తెలివైనవాడు, దగ్గరికొచ్చినవాడిని దగ్గరగానే చితకబాదే రకం. పెద్దాయన ఏమాత్రం తడుముకోకుండా అందరికంటే ముందుకెళ్ళి వాడి ఎదురుగా నిలబడి "కుడిచెయ్యి" అన్నారు. పాచిక వేశారు, తగిలింది, గద కింద పడింది. నాకెందుకో చెయ్యి అడ్డుపెట్టాలనిపించి "వాడి దగ్గర డాలు ఉంది కదండీ..." అని నసిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి "డాలు లెక్క వాడి రక్షణ అంకెలో ముందే కలిపారు కదమ్మా. ఒకే డాలుని రెండుసార్లు ఎలా లెక్కేస్తాం" అన్నారు. రూలు ప్రకారం అక్షరాలా నిజం. నాకంటే గట్టి మనిషి తగిలాడని లోపల కాస్త ముచ్చటేసింది కూడా. అప్పుడు నా వంతు వచ్చింది. నా రాక్షసుడు గద అందుకుని, ఎదురుగా, చెయ్యి చాస్తే అందే దూరంలో నిలబడ్డ పెద్దాయన్ని చూశాడు. నేను కూడా చూశాను. ఆయన టక్, ఆయన కళ్ళజోడు, ఆయన తెచ్చిన అరటిపళ్ళు చూశాను. నా నోట్లోంచి "రాక్షసుడు... రాజమండ్రిని కొడుతున్నాడు" అనే మాట వచ్చింది.

"నన్నా? నేనున్నది గుహ చివర గోడ దగ్గర కదే. ఆయన్ని దాటుకుని నా దగ్గరికి ఎలా వచ్చాడు?" అంది రాజమండ్రి. "దూకాడు" అన్నాను. ఆ తర్వాత పెద్దాయన రాక్షసుడి మోకాలు కొట్టారు. కుంటుతున్న రాక్షసుడు కుంటుకుంటూనే ఆయన్ని చుట్టి వెళ్ళి అన్నని కొట్టాడు. ఆయన వాడి కంట్లో పొడిచారు. చూపు పోయిన రాక్షసుడు, ముక్కు ముందున్న మనిషిని తప్పించుకుని, మళ్ళీ గోడ దగ్గరున్న రాజమండ్రిని వెతికి పట్టుకున్నాడు. "పెద్దాయన పక్కనుంచి పోతుంటె రాక్షసుడు వంగి వంగి పోతుండు, నమస్తే గూడ పెడ్తడేమో" అన్నాడు అన్న మెల్లగా. ఒకసారి పెద్దాయన దెబ్బ తప్పిపోతే, "టేబుల్ కొంచెం ఏటవాలుగా ఉందండీ అంకుల్, మళ్ళీ వెయ్యండి" అని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని అన్న నా మొహంలోకి తొంగి చూశాడు. ఆయన మాత్రం మళ్ళీ వెయ్యలేదు. పాచిక నా వైపు జరిపి "తప్పిపోయింది కదమ్మా" అని ఊరుకున్నారు. మొదట్లో కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్న మనిషి మెల్లగా వెనక్కి వాలిపోయారు. కాసేపటికి గడియారం చూసుకున్నారు. నేను దాన్ని తృప్తి అనుకున్నాను. ఒంటి మీద గీత పడకుండా గెలుస్తున్న మనిషికి ఇంకేం కావాలి?

టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళితే అబ్బాయి వెనకే వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "నీ రాక్షసుడు నాన్నకి ఎందుకు భయపడుతుంది?" అన్నాడు. భయం కాదు, మర్యాద అన్నాను. "లుక్, నాన్న ఎక్కడికి వెళ్ళినా ఇంతే. క్యారమ్స్ ఆడితే అంకుల్స్ కావాలని మిస్ చేస్తారు. మీటింగ్‌లో ఎవ్వరూ నో అనరు. చిన్నప్పుడు నేను కూడా చెస్‌లో ఓడిపోయేవాడు, కావాలని. నాన్నకి తెలుసు. అన్నీ తెలుసు. ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడదు." అని ఆగి, గొంతు తగ్గించి, "నేను నీ గురించి నాన్నకి ఒకటే చెప్పాను. ఆ అమ్మాయి ఎవ్వరినీ వదలదు అని. అందుకే వచ్చింది. నువ్వు ఇప్పుడు అందరిలాగానే ఉంటే, నాన్న ఇంటికి వెళ్ళి నో చెప్తుంది. నాకు కూడా ఏం ఆన్సర్ చెప్పాలో తెలీదు" అన్నాడు. టీ పొంగి స్టవ్ మీద పడింది. నాకు ఏడుపు, కోపం, సిగ్గు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. ప్రపంచం మొత్తం మీద నాకున్న అర్హత అదొక్కటే అని, ఆ ఒక్కదాన్నీ పొద్దున్నుంచీ గుడ్డ కప్పి దాచిపెట్టానని అప్పుడు తెలిసింది. అమ్మ మీద కూడా కోపం వచ్చింది గానీ ఆవిడ తెనాలిలో హాయిగా నిద్రపోతూ ఉండి ఉంటుంది.

టీ కప్పులు పెట్టి, పెద్దాయన దగ్గరికెళ్ళి "అంకుల్, అది నా కుర్చీ అండీ" అన్నాను. రాజమండ్రి చేతిలో పులిహోర చెంచా ఆగిపోయింది. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, లేచి పక్క కుర్చీలోకి మారారు. కూర్చున్నాను. "రాక్షసుడికి చూపు తిరిగొచ్చింది. ఎదురుగా పెద్దాయన ఉన్నారు. రాక్షసుడు పెద్దాయన కుడిచేతికి గురిపెడుతున్నాడు" అని ఒక్క ఊపిరిలో చెప్పి పాచిక వేశాను. అది దొర్లి దొర్లి అరటిపళ్ళ పక్కన ఆగింది. కోత పోను కూడా తగిలింది. "మీ కత్తి కింద పడిపోయింది అంకుల్. పక్కనే లోయ ఉంది. అందులో పడింది."

సినిమాల్లో అయితే ఇక్కడ పెద్దాయన నవ్వి నా భుజం తట్టాలి. ఈయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని "అదెలా కుదురుతుంది? నా దగ్గర డాలు ఉంది" అన్నారు. ఎంత సేపటినుంచి బిగపట్టుకున్నానో, ఆ ఒక్క మాటతో నాలో జడ్జిగారికి ఊపిరి వచ్చింది. "డాలు లెక్క మీ రక్షణ అంకెలో ముందే కలిపాం అంకుల్. ఒకే డాలుని రెండుసార్లు ఎలా లెక్కేస్తాం?" అన్నాను. "అది రాక్షసుడి డాలు. వాడికి వాడటం రాదు" అన్నారు. "వాడు నెల రోజులు ప్రాక్టీస్ చేశాడండీ" అన్నాను. ఆయన డాలు ఏ కోణంలో పట్టుకున్నారో లేచి నిలబడి చూపించారు. పులిహోర పళ్ళెం అడ్డుపెట్టి చూపించారు. నేనూ లేచి, గరిటె పట్టుకుని, ఆ కోణంలో పట్టుకుంటే చెయ్యి ఎక్కడ బయటపడుతుందో చూపించాను. "వాడి చెయ్యి కొట్టినప్పుడు, మోకాలు కొట్టినప్పుడు, కంట్లో పొడిచినప్పుడు లేని రూలు మీ దాకా వచ్చేసరికి ఎలా వచ్చిందండీ?" అని గట్టిగానే అడిగాను. మీరు, అండీ అనే మాటలు పెట్టాను గానీ వాటి వల్ల పెద్ద తేడా ఏమీ పడలేదు. రాజమండ్రి నా కుర్తీ వెనకనుంచి లాగుతూనే ఉంది. చివరికి ఆయన "సరే, ఇంటికెళ్ళి చూస్తాను" అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. టీ తాగలేదు. అబ్బాయి నా వైపు చూసి, వాళ్ళ నాన్న వెనకాల వెళ్ళిపోయాడు.

"పెళ్ళి సంబంధం పాయె గాని, తీర్పు మాత్రం కరెక్టు చెల్లె" అన్నాడు అన్న. అది ఓదార్పు అని అతని నమ్మకం. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పొద్దుగూకే వేళకి అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న వచ్చిన దగ్గర్నుంచి రూల్స్ చదువుతుంది. ఏం తినలేదు." కోపమా అని అడిగాను. "నువ్వే కరెక్ట్ అని తెలిసింది. అందుకే తినలేదు" అన్నాడు. పెళ్ళి గురించి ఏమన్నారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది, చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు పెద్దాయన నేరుగా తెనాలికి మా నాన్నకి ఫోన్ చేశారు. ఆ సంభాషణ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మీ అమ్మాయి నిన్న నా కుడిచెయ్యి మీద కొట్టిందండీ" అన్నారట మొదటి మాటే. మా నాన్న కుర్చీలోంచి లేచిపోయారు. "చిన్నపిల్ల, తెలీక..." అంటుంటే, "తెలిసే కొట్టింది. కొట్టడం న్యాయమే. నేను పొద్దుటిదాకా చూశాను, ఎక్కడా తప్పు దొరకలేదు. మీరు ముహూర్తాలు చూసుకోండి" అన్నారట. అల్లుడు కాబోయేవాడి తండ్రిని అమ్మాయి కొడితే ఆయన సంతోషంగా పెళ్ళి ఖాయం చేశారని అర్థమై, అమెరికా మీద మా నాన్నకున్న అనుమానాలన్నీ ఆ రోజుతో రూఢి అయ్యాయి.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పెద్దాయన మామయ్యగారయ్యారు. రాజమండ్రి రెడ్‌మండ్ వెళ్ళిపోయింది. అన్న పక్క వీధిలోనే ఉంటాడు, ఇంకా కంట్లోనే పొడుస్తాడు. మేము ఇంకా ఆదివారాలు ఆడతాం, మామయ్యగారు ఒక్క వారం కూడా మానరు. ఈమధ్య ఆయన చెయ్యి కొద్దిగా వణుకుతోంది. పాచిక టేబుల్ మీద కంటే కార్పెట్ మీదే ఎక్కువ పడుతోంది, మా ఆయన వంగి తీసి ఇస్తాడు. మొన్న ఆదివారం అడవిలో ఎలుగుబంటి వచ్చింది. దాని వంతు వచ్చేసరికి నా చూపు ఆ వణికే చేతి మీద పడింది. "ఎలుగుబంటి... అన్న వైపు తిరిగి..." అన్నాను. మామయ్యగారు తల కూడా ఎత్తలేదు. "అమ్మాయ్, దగ్గర నిలబడింది నేను. నేనింకా ఇక్కడే ఉన్నాను" అన్నారు.

ఒకప్పుడు భయంతో వదిలేశాను, ఇప్పుడు జాలితో వదిలేయబోయాను. ఆయనకి రెండిటికీ తేడా లేదు. ఆ కాలంలో ప్లాస్టిక్ స్టూల్ మీద సర్దుకుని కూర్చున్న పిల్ల ఎక్కడైనా ఎదురైతే, ఇంకొన్నేళ్ళకి ఇది ఇంకా కష్టమవుతుందే పిచ్చిదానా అని చెప్పాలనిపించింది. "ఎలుగుబంటి మామయ్యగారి కుడిచేతికి గురిపెడుతోంది" అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. దెబ్బ తగిలింది. అదెలా కుదురుతుందని ఆయన వాదనకి దిగారు, ఎందుకు కుదరదని నేను దిగాను, టీ చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నాం.